అమానత్ లెక్క: ఒకే పద్దు నుంచి అనేక పత్రాలు





రంజాన్ నెలలో మీరు అయిదు వేల రూపాయలు జకాత్‌గా సొసైటీ చేతికి ఇచ్చారనుకుందాం. ఆ సొమ్మును హక్కుదారులకు చేర్చడం మా మొదటి బాధ్యత. అది ఏ నిధిలో జమ అయింది, ఎందుకు ఖర్చయింది అని మీకు కాగితం మీద చూపించడం రెండో బాధ్యత. మొదటి బాధ్యత గురించి ఈ సంచికలోని నివేదికలు చెబుతాయి. ఈ వ్యాసం రెండో దాని గురించి. రసీదులు, వార్షిక లెక్కలు కంప్యూటర్‌లో ఎలా తయారవుతాయి, అందులో మీ అమానత్‌కు ఎక్కడ రక్షణ ఉంది, ఎక్కడ ప్రమాదం ఉంది అన్నది సాధ్యమైనంత తేలిక మాటల్లో చెబుతాం.

ఒక్క విరాళం, ఎన్ని కాగితాలు?

మీరిచ్చిన అయిదు వేలకు మొదట ఒక రసీదు కావాలి. కొందరు దాతలు తెలుగులో అడుగుతారు, కొందరు ఉర్దూలో అడుగుతారు. 2017లో చేసిన చట్ట సవరణతో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది కాబట్టి ఆఫీసు కాగితాల్లోనూ దానికి చోటుంది. రసీదు తర్వాత ఏడాది చివర దాతకు మొత్తం చెల్లింపుల పట్టిక కావాలి. ఆడిటర్‌కు తేదీల వారీగా రిజిస్టర్ కావాలి. కమిటీ పెద్దలకు నిధుల వారీగా లెక్క కావాలి. ఈ సంచికలో వేయడానికి మొత్తాలు మాత్రమే ఉన్న ఒక పేజీ కావాలి.

దీనికి తోడు ఆదాయపు పన్ను శాఖ నిబంధన ఒకటుంది. 80జి గుర్తింపు ఉన్న సంస్థలు ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలను ఫారం 10బీడీ రూపంలో సమర్పించి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలని 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి నియమం వచ్చింది. దానికి గడువు తర్వాతి మే 31. ఆలస్యమైతే రోజుకు రూ.200 చొప్పున రుసుము పడుతుంది. అంటే విరాళం ఒక్కటే అయినా కాగితాలు అరడజను. ప్రతి కాగితంలో అంకె ఒకటే ఉండాలి, రూపం మాత్రం వేరు.

ఒకే అంకెను ఆరు చోట్ల చేత్తో ఎక్కిస్తే ఆరు చోట్లా తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. పాతకాలం గుమాస్తాలు అందుకే ముందు చిట్టాలో రాసి, దాన్నుంచే మిగతా పుస్తకాల్లోకి ఎక్కించేవారు. చిట్టా అసలు, మిగతావి దాని నకళ్లు. కంప్యూటర్‌లోనూ మంచి పద్ధతి అదే. పద్దును ఒక్కచోటే రాయాలి. కాగితాలన్నీ దాన్నుంచే పుట్టాలి.

పద్దును పేర్లు పెట్టి రాయడం

ఆ ఒక్కచోట రాసే పద్ధతికి ఒక ప్రమాణం ఉంది. దాని పేరు ఎక్స్‌ఎంఎల్. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998 ఫిబ్రవరి 10న దాన్ని ప్రమాణంగా విడుదల చేసింది. అందులో ప్రతి వివరానికి ముందూ వెనకా దాని పేరు రాస్తారు. ఆ పేర్లు తెలుగులో కూడా ఉండవచ్చు. ఉదాహరణకు ఒక పద్దు ఇలా ఉంటుంది:

<విరాళం సంఖ్య="118" నిధి="జకాత్">
<తేదీ>2025-03-14</తేదీ>
<హిజ్రీ>1446</హిజ్రీ>
<మొత్తం>5000</మొత్తం>
<మండలం>కోరుట్ల</మండలం>
<చెల్లింపు>చెక్కు</చెల్లింపు>
</విరాళం>

ఇందులో అక్షరాల సైజు లేదు, రంగు లేదు, గీతలు లేవు. ఏది ఏమిటో మాత్రమే ఉంది. 5000 అన్నది డబ్బు మొత్తమని, అది జకాత్ నిధికి చెందిందని కంప్యూటర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. మామూలు కాగితంలోనో, పెళ్లిపత్రికలా అందంగా టైపు చేసిన ఫైలులోనో ఆ సంగతి మనిషికి తెలుస్తుంది గానీ కంప్యూటర్‌కు తెలియదు.

ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. మన ఊళ్లలో దుకాణాల లెక్కలు రాసే ట్యాలీ ఈ రూపంలో వివరాలు ఇచ్చి పుచ్చుకోగలదు. ఆధార్ ఆఫ్‌లైన్ ధ్రువీకరణకు డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు కూడా ఎక్స్‌ఎంఎలే. ఇప్పటి వర్డ్ ఫైలును విప్పి చూస్తే లోపల ఉండేదీ అదే.

పేర్ల నుంచి పేజీకి

పేర్లతో ఉన్న పద్దును రసీదుగా మార్చేది స్టైల్‌షీట్. దీన్ని రాసే భాషను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటారు. జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో దాని మొదటి ప్రమాణం 1999 నవంబర్ 16న వచ్చింది. రెండోది 2007లో, మూడోది 2017లో వచ్చాయి.

స్టైల్‌షీట్ అంటే కొన్ని నియమాల జాబితా అనుకోండి. ‘విరాళం అన్నది ఎదురైతే ఒక రసీదు మొదలుపెట్టు. మొత్తం అన్నది ఎదురైతే దాని ముందు రూపాయల గుర్తు పెట్టి, వేలకూ లక్షలకూ కామాలు వేసి రాయి. తేదీ అన్నది ఎదురైతే రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో చూపించు.’ ఇలాంటి ఒక్కో నియమాన్ని టెంప్లేట్ అంటారు. తెలుగు రసీదుకు ఒక స్టైల్‌షీట్, ఉర్దూ రసీదుకు ఒకటి, ఆడిటర్ రిజిస్టర్‌కు ఒకటి ఉంటాయి. ఉర్దూ దానిలో పేజీ కుడి నుంచి ఎడమకు నడవాలని ఒక్క మాట చేర్చాలి. పద్దులోని అంకెను ఎవరూ ముట్టుకోరు.

అన్నిటికీ ఉమ్మడిగా ఉండే నియమాలను ఒక ఫైలులో ఉంచి, మిగతావి దాన్ని దిగుమతి చేసుకునే వీలుంది. దిగుమతి చేసుకున్న ఫైలులో తన సొంత నియమం ఉంటే అదే చెల్లుతుంది, లేనిచోట ఉమ్మడి నియమం వర్తిస్తుంది. కాబట్టి సొసైటీ చిరునామా మారితే ఒక్కచోట మారిస్తే చాలు. జకాత్ రసీదు మీద మాత్రమే ఉండాల్సిన వాక్యం జకాత్ స్టైల్‌షీట్‌లోనే ఉంటుంది.

కంపైల్ అంటే ఏమిటి? సిరిసిల్ల సాంచా చెబుతుంది

ఇక్కడ అసలు విషయానికి వస్తాం. స్టైల్‌షీట్‌ను రాసేది మనిషి చదవగలిగే అక్షరాల్లో. కంప్యూటర్ దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోలేదు. ముందు ఫైలంతా చదవాలి, నియమాలను విడదీయాలి, ఏ పేరుకు ఏ నియమం వర్తిస్తుందో పట్టిక కట్టాలి, లెక్కల సూత్రాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఈ సిద్ధం చేసే పనినే కంపైల్ చేయడం అంటారు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుడ్డ నేయడం మొదలయ్యే ముందు వార్పిన్ కార్మికులు పోగులను భీముకు చుడతారు. వైపని కార్మికులు ఆ పోగులను ఒక్కొక్కటిగా అతికి సాంచాకు సిద్ధం చేస్తారు. ఓపికతో, కళ్లు పెట్టి చేయాల్సిన పని అది. ఆ పని అయిపోయాక సాంచా మీద మీటర్ల కొద్దీ గుడ్డ వస్తూనే ఉంటుంది. ప్రతి మీటరుకూ పోగులన్నీ విప్పి మళ్లీ అతికితే ఏ ఆసామీ బతకడు.

కంపైల్ చేయడమూ అంతే. వెయ్యి మంది దాతలకు రసీదులు తీయాలి. ప్రతి రసీదుకూ స్టైల్‌షీట్‌ను మొదటి నుంచి చదివి, విడదీసి, పట్టిక కడితే ఆ సిద్ధం చేసే పనే వెయ్యిసార్లు జరుగుతుంది. ఒక్కసారి కంపైల్ చేసి జ్ఞాపకంలో ఉంచుకుంటే, ఆ పని ఒక్కసారితో పోతుంది. మిగిలేది పద్దు వెనక పద్దు పోయడమే.

మన సమాజంలో సాఫ్ట్‌వేర్ చదువుతున్న పిల్లల కోసం ఇంకొంచెం వివరం. జావాలో కంపైల్ అయిన రూపాన్ని టెంప్లేట్స్ అంటారు. దాన్ని ఒకేసారి ఎన్ని పనులైనా పంచుకోవచ్చు. ఒక్కో పనికి దాన్నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకోవాలి. దాన్ని మాత్రం రెండు పనులు ఒకే సమయంలో వాడకూడదు. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో 2005 నాటి 2.0 వెర్షన్‌తో ఎక్స్‌ఎస్‌ఎల్ కంపైల్డ్ ట్రాన్స్‌ఫామ్ వచ్చింది. అది స్టైల్‌షీట్‌ను నేరుగా నడిచే కోడ్‌గా మారుస్తుంది. ఒకసారి లోడ్ చేయాలి, ఎన్నిసార్లయినా నడపాలి. ఒకే ఒక్క రసీదు తీయడానికైతే ఈ శ్రమ గిట్టుబాటు కాదు. ఒక జేబురుమాలు కోసం భీము నింపినట్టు ఉంటుంది. స్టైల్‌షీట్‌ను దిద్దినప్పుడు మళ్లీ కంపైల్ చేయడం మరవకూడదు. ఫైలు దిద్దిన సమయాన్ని చూసి, అది కొత్తదైతే తిరిగి కంపైల్ చేసేలా ప్రోగ్రామ్ రాసుకోవాలి. లేకపోతే నియమం మారినా పాత రసీదే వస్తూ ఉంటుంది.

కంపైల్ పట్టే తప్పు, పట్టలేని తప్పు

వేగం ఒక్కటే లాభమైతే ఇంత చెప్పాల్సిన అవసరం లేదు. కంపైల్ చేసేటప్పుడు ఒక తనిఖీ జరుగుతుంది. మూసివేయని గుర్తులు, తప్పుగా రాసిన సూత్రాలు, లేని నియమాన్ని పిలవడం వంటివి అక్కడే బయటపడతాయి. ఒక్క రసీదు కూడా అచ్చు కాకముందే పని ఆగిపోతుంది. సగం మందికి రసీదులు వెళ్లాక ఆగడం కంటే ఇది ఎంతో మేలు.

కానీ కంపైల్ అయిందంటే అంతా సవ్యంగా ఉందని కాదు. దాతలు, కమిటీ సభ్యులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. పద్దులో పేరు ‘మొత్తం’ అని ఉండి, స్టైల్‌షీట్‌లో పొరపాటున ‘మొత్తము’ అని రాస్తే కంపైలర్ సాధారణంగా అభ్యంతరం చెప్పదు. ఆ పేరుతో ఏదో ఒకటి ఉండవచ్చనుకుంటుంది. వెతుకుతుంది, దొరకదు, ఖాళీ వదిలేస్తుంది. రసీదు చక్కగా అచ్చవుతుంది, మొత్తం దగ్గర మాత్రం ఏమీ ఉండదు.

తెలుగులో దీనికి మరో చిక్కు తోడవుతుంది. కొన్ని కీబోర్డులతో ‘కరీంనగర్’ అని కొట్టినప్పుడు చివర కంటికి కనిపించని ఒక గుర్తు చేరుతుంది. పొల్లు అక్షరాన్ని తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపేందుకు వాడే గుర్తు అది. మనకు రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఊరి పేరుతో లెక్క కూడితే కొన్ని విరాళాలు ఒక వరుసలో, కొన్ని మరో వరుసలో పడతాయి. అందుకే నిధికీ జిల్లాకూ మండలానికీ చేత్తో పేరు కొట్టనివ్వకుండా, ముందే ఉన్న జాబితా నుంచి ఎంచుకునేలా చేయాలి.

అచ్చు ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్ల సంగతి కూడా ఇలాంటిదే. అవి యూనికోడ్ కావు. వాటిలో తెలుగులా కనిపించేది లోపల వేరే గుర్తుల వరుస. పేజీ అందంగా వస్తుంది గానీ కంప్యూటర్ అందులో వెతకలేదు, కూడలేదు. సంచికను ఏ ఫాంటులో అచ్చు వేసినా పరవాలేదు. చిట్టా మాత్రం యూనికోడ్‌లోనే ఉండాలి.

ఈ తప్పులను పట్టడానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి స్కీమా. ఏ పద్దులో ఏ వివరాలు తప్పక ఉండాలి, మొత్తం అంకెగానే ఉండాలి, నిధి పేరు ఫలానా జాబితాలోదే కావాలి అని ముందే రాసుకునే నిబంధన పత్రం అది. దానికి సరిపోని పద్దు లోపలికి రాదు. రెండోది మన పెద్దలకు తెలిసిన పాత పద్ధతే, మొత్తాలు సరిచూడటం. రసీదుల మొత్తం, నిధుల మొత్తం, బ్యాంకు జమతో పాటు చేతిలో ఉన్న నగదు, మూడూ ఒకటి కావాలి. కాకపోతే ఏ కాగితమూ బయటికి వెళ్లకూడదు.

జకాత్ వేరు, సదఖా వేరు

ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా అడగవచ్చు. జకాత్ ఎవరికి చెల్లుతుందో దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా ఎనిమిది వర్గాలుగా చెప్పింది. నిసాబ్ ఉన్నవారు చాంద్రమాన సంవత్సరం నిండిన సంపద మీద నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం తీస్తారు. అది ఫర్జ్. సదఖా ఇష్టపూర్వకం, దాని పరిధి విశాలం. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరాలి. భవనం మరమ్మతుకు ఇచ్చిన డబ్బు, పిల్లల ఫీజులకు ఇచ్చిన డబ్బు వేటికవే. బ్యాంకు ఖాతాలో ఇవన్నీ ఒకే అంకెగా కలిసిపోవచ్చు. చిట్టాలో కలవకూడదు.

పద్దు మీద నిధి పేరు ఉండటం అందుకే ముఖ్యం. స్టైల్‌షీట్ ఆ పేరు చూసి జకాత్‌ను జకాత్ వరుసలోనే కూడుతుంది. నిధి పేరు లేని పద్దును ‘ఇతరములు’ అనే వరుసలోకి నెట్టే నియమం రాయడం తేలిక. కానీ అది అమానత్ కాదు. అలాంటి పద్దు దొరికితే పని ఆగి, దాతను అడిగి తెలుసుకోవాలనే నియమమే ఉండాలి.

రెండు సంవత్సరాల లెక్క కూడా ఇక్కడే వస్తుంది. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. హిజ్రీ సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి రంజాన్ ప్రతి ఏడాదీ సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో హిజ్రీ 1445 రంజాన్ 2024 మార్చి 12న మొదలై, ఏప్రిల్ 11న ఈద్ వచ్చింది. 1446 రంజాన్ 2025 మార్చి 2న మొదలై, మార్చి 31న ఈద్ అయింది. అంటే 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఒక రంజాన్ చివరి రోజులూ, తర్వాతి రంజాన్ మొత్తమూ పడ్డాయి. ఒక దాత 2024 ఏప్రిల్ 5న ఒకసారి, 2025 మార్చి 14న మరోసారి జకాత్ ఇచ్చి ఉంటే పన్ను లెక్కలో రెండూ ఒకే ఏడాదివి. ఆయన జకాత్ లెక్కలో మాత్రం రెండు వేర్వేరు ఏళ్లవి.

పద్దులో తేదీ, హిజ్రీ సంవత్సరం రెండూ ఉన్నాయి కాబట్టి ఒకే చిట్టా మీద రెండు స్టైల్‌షీట్లు పనిచేస్తాయి. ఒకటి ఏప్రిల్ నుంచి మార్చి వరకు కూడి ఆడిటర్‌కు ఇస్తుంది. మరొకటి హిజ్రీ వారీగా కూడి దాతకు ఇస్తుంది. రెండు పట్టికల్లో అంకెలు వేరుగా కనిపించినా రెండూ నిజమే. హిజ్రీ సంవత్సరాన్ని కంప్యూటర్ లెక్కకు వదలకుండా పద్దులోనే రాయడానికి కారణముంది. నెలవంక కనిపించడాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఆ నిర్ణయం కంప్యూటర్‌ది కాదు.

తీసుకునేవారి గౌరవం

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా దానం చేయాలని మన పెద్దలు నేర్పారు. తీసుకునేవారి విషయంలో అది మరింత అవసరం. ఒక వితంతువు పేరు, ఒక విద్యార్థి బ్యాంకు ఖాతా నంబరు దాతల నివేదికలో కనిపించకూడదు.

ఇక్కడ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో తెలుసుకోవాల్సిన గుణం ఒకటుంది. ఏదైనా వివరానికి మనం నియమం రాయకపోతే అది మౌనంగా వదిలేయదు. అందులోని అక్షరాలను ఉన్నదున్నట్టు పేజీ మీద పెడుతుంది. అది దాని సహజ అలవాటు. కాబట్టి చిట్టాలోకి కొత్తగా ‘ఖాతా నంబరు’ అనే వివరం చేర్చి, నివేదిక స్టైల్‌షీట్‌లో దాని గురించి ఏమీ రాయకపోతే, ఆ నంబరు నివేదికలో ప్రత్యక్షం కావచ్చు. కంపైలర్ దీన్ని తప్పుగా లెక్కించదు. దాని దృష్టిలో అంతా నియమం ప్రకారమే జరిగింది.

దీనికి విరుగుడు మూడు మెట్లలో ఉంది. అనుమతించిన వివరాలు మాత్రమే చూపించి, మిగతావన్నీ వదిలేయమని స్టైల్‌షీట్‌లో స్పష్టంగా రాయాలి. మూడో ప్రమాణంలో ఇందుకు నేరుగా వీలుంది. నియమం లేని వివరం ఎదురైతే పని ఆపేయమని కూడా చెప్పవచ్చు. రెండో మెట్టు, లబ్ధిదారుల పేర్లను విరాళాల చిట్టాలో కాకుండా వేరే ఫైలులో, ఇద్దరు బాధ్యుల దగ్గర మాత్రమే ఉంచడం. మూడోది, బయటి నుంచి తెచ్చిన స్టైల్‌షీట్‌ను చూడకుండా నడపకపోవడం. స్టైల్‌షీట్ ఇతర ఫైళ్లను కూడా తెరిచి చదవగలదు. డాట్‌నెట్‌లో ఆ సదుపాయం, స్క్రిప్టులు నడిపే సదుపాయం రెండూ మామూలుగా మూసే ఉంటాయి. అవసరం లేకుండా తెరవకూడదు.

జిల్లాలు మారినా లెక్క చెదరదు

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెబితే ఈ పద్ధతి విలువ తేటపడుతుంది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ ఏర్పడ్డాయి. పాత కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. హుస్నాబాద్ సిద్దిపేటకు వెళ్లింది. మహదేవపూర్ వైపు మండలాలు జయశంకర్ జిల్లాలో కలిశాయి.

ప్రతి విరాళం పక్కనా, ప్రతి విద్యార్థి పక్కనా ‘జిల్లా: కరీంనగర్’ అని చేత్తో రాసి ఉన్న పుస్తకాన్ని ఊహించండి. కోరుట్ల ఇప్పుడు జగిత్యాల జిల్లా, రామగుండం పెద్దపల్లి జిల్లా, భైంసా నిర్మల్ జిల్లా, కాగజ్‌నగర్ ఆసిఫాబాద్ జిల్లా. అన్నీ కొట్టేసి రాయాలి. కొట్టేస్తే పాత నివేదికలతో పోల్చడం కుదరదు. పద్దులో మండలం మాత్రమే రాసి, ఏ మండలం ఏ జిల్లాలో ఉందో వేరే చిన్న పట్టికలో పెట్టుకుంటే పద్దును ముట్టుకోనక్కర్లేదు. స్టైల్‌షీట్ ఆ పట్టిక చూసి కొత్త జిల్లాల వారీగా కూడుతుంది. పాత పట్టిక ఇస్తే ఉమ్మడి జిల్లాల వారీగా కూడుతుంది. ‘ఉమ్మడి ఆదిలాబాద్‌లో విద్యార్థి వేతనాలు పదేళ్లలో పెరిగాయా?’ అని ఏ దాత అడిగినా, ‘ఒక్క నిర్మల్ లెక్క చెప్పండి’ అని అడిగినా ఒకే చిట్టా జవాబు చెబుతుంది.

పన్ను కాగితాల విషయమూ ఇంతే. ఆదాయపు పన్ను రిటర్నులు చాలా ఏళ్లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో తీసుకున్న శాఖ 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి జేసన్ అనే మరో రూపానికి మారింది. ఇలాంటి మార్పులు ఇంకా వస్తాయి. రూపం మారినప్పుడు ఒక స్టైల్‌షీట్ మారుతుంది. చిట్టా మారదు.

ఖర్చెంత, మనుషులెవరు?

దాతల సొమ్ముతో సాఫ్ట్‌వేర్ కొనాలా అన్న సందేహం న్యాయమైనదే. ఈ పనికి కొనాల్సిన అవసరం లేదు. లైనక్స్ కంప్యూటర్లలో లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఉచితంగా దొరుకుతుంది, అది మొదటి ప్రమాణం వరకు పనిచేస్తుంది. మైకేల్ కే రూపొందించిన సాక్సన్‌కు ఉచిత వెర్షన్ ఉంది, అందులో మూడో ప్రమాణం కూడా నడుస్తుంది. ఆఫీసులో ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. రసీదును వెబ్ పేజీగా మార్చి బ్రౌజర్ నుంచే ప్రింటు తీస్తే తెలుగు ఒత్తులూ, ఉర్దూ నస్తాలీఖ్ రాతా సరిగా వస్తాయి.

కావాల్సింది మనుషులు. స్టైల్‌షీట్ రాయడం నేర్చిన ఒక్కరి మీదే సొసైటీ ఆధారపడితే, ఆ ఒక్కరు ఉద్యోగం కోసం హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వెళ్లిన రోజున పని ఆగుతుంది. కనీసం ఇద్దరికి తెలియాలి. చిట్టా, స్టైల్‌షీట్లు, మండలాల పట్టిక అన్నీ మామూలు అక్షరాల ఫైళ్లు కాబట్టి ఏ కంపెనీ మూతపడినా, ఏ సాఫ్ట్‌వేర్ పాతబడినా చదవడానికి వీలుగా ఉంటాయి. కంపైల్ అయిన రూపం పోయినా నష్టం లేదు, మళ్లీ చేసుకోవచ్చు. అసలు ఫైళ్ల నకళ్లు మాత్రం రెండు చోట్ల భద్రంగా ఉండాలి.

దాతలకు మా విన్నపం

మీరు చేయాల్సినవి చిన్న పనులే. డబ్బు ఇచ్చేటప్పుడు అది జకాతో, సదఖానో, ఫిత్రానో, ఫీజుల కోసమో నోటితో చెప్పండి. ఆ ఒక్క మాట మీరు చెబితేనే పద్దు మీద సరైన పేరు పడుతుంది. రసీదు చేతికి రాగానే మొత్తం, తేదీ, నిధి పేరు చూడండి. ఎంత మంచి కంపైలరైనా మీరిచ్చిన అయిదు వేలను గుమాస్తా అయిదు వందలుగా రాస్తే పట్టుకోలేదు. అది తెలిసేది మీకే. 80జి మినహాయింపు కోరేవారు రూ.2,000కు మించిన విరాళాన్ని నగదుగా కాకుండా చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదు. ఏడాది చివర వచ్చే పట్టికను మీ దగ్గరున్న రసీదులతో ఒక్కసారి పోల్చి చూడండి. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. అలా అడగడం అనుమానం కాదు, అమానత్‌లో మీరూ పాలుపంచుకోవడమే.

మీ పిల్లల్లో కంప్యూటర్ చదువు చదివినవారు ఉంటే సెలవుల్లో నాలుగు రోజులు మా ఆఫీసుకు పంపండి. డబ్బు ఇవ్వడం ఎంత సదఖానో, వచ్చిన విద్యను నేర్పడమూ అంతే సదఖా.

మీరిచ్చిన ప్రతి రూపాయిని అల్లాహ్ స్వీకరించుగాక. దాన్ని హక్కుదారులకు చేర్చి, ఇక్కడ మీ ముందూ రేపు ఆయన ముందూ సరైన లెక్క చెప్పగలిగే శక్తిని మాకు ప్రసాదించుగాక. ఆమీన్.